హోటల్ రూమ్ లాకర్‌లో పెడితే నగలు భద్రమేనా? టూర్‌కు వెళ్లే ముందు ఛత్రినాక వాసులు తప్పక తెలుసుకోవాల్సిన విషయాలు

సెలవులొస్తే చాలు.. ఛత్రినాక, లాల్‌దర్వాజ, గౌలిపుర, ఉప్పుగూడ గల్లీల్లో ఇళ్లకు తాళాలు పడతాయి. ఒకరు గోవాకు, ఒకరు ఊటీకి, ఇంకొకరు మొయినాబాద్, శంషాబాద్ వైపు రిసార్టులో బంధువుల పెళ్లికి. బయల్దేరే ముందు ప్రతి ఇంట్లో ఒకే చర్చ. బంగారం ఇంట్లో పెట్టి వెళ్లాలా, వెంట తీసుకెళ్లాలా? తాళం వేసిన ఇంట్లో పెడితే దొంగల భయం. వెంట తీసుకెళ్తే దారి భయం. చివరికి చాలామంది తేల్చేది ఒక్కటే. "హోటల్ రూమ్‌లో లాకర్ ఉంటుంది కదా.. అందులో పెడదాంలే!"

ఆ ఒక్క మాటతో మనసు కుదుటపడుతుంది. కానీ ఆ లాకర్‌ను నిజంగా ఎంత నమ్మొచ్చు? అందులోంచి నగలు పోతే బాధ్యత ఎవరిది? పోలీసులు, వినియోగదారుల కమిషన్, బీమా కంపెనీ.. ఎవరి దగ్గరికి వెళ్లాలి? 2025లో పది గ్రాముల బంగారం లక్ష రూపాయలు దాటింది. నాలుగు తులాల పుస్తెలతాడు పోయిందంటే ఓ మధ్యతరగతి ఇంటికి ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము పోయినట్టే. అందుకే ఈ విషయం ముందే తెలిసి ఉండాలి.

అసలు సంగతి ముందే చెప్పుకుంటే.. రూమ్ లాకర్ కోడ్ మీ ఒక్కరికే తెలుసు, నిజమే. కానీ దాన్ని తెరిచే రెండో దారి హోటల్ దగ్గర ఉంటుంది. ఆ రెండో దారిని హోటల్ ఎంత జాగ్రత్తగా కాపాడుతుందన్న దాని మీదే మీ నగల భద్రత ఆధారపడి ఉంటుంది.

జైపూర్‌లో ఏం జరిగింది?

2021 నవంబర్‌లో రాజస్థాన్ రాజధాని జైపూర్‌లో జరిగిన చోరీ దేశమంతా సంచలనమైంది. ముంబైకి చెందిన ఓ వ్యాపారి కుటుంబం కూతురి పెళ్లి కోసం అక్కడి ఓ పెద్ద హోటల్‌లో దిగింది. ఇంటిల్లిపాదీ వేడుకలో ఉన్న సమయంలో రూమ్ లాకర్‌లోని సుమారు రూ.2 కోట్ల విలువైన నగలు, నగదు మాయమయ్యాయి.

దొంగ గోడ దూకలేదు. తలుపు పగలగొట్టలేదు. లాకర్ మీద చిన్న గీత కూడా పడలేదు. ఆ గది తనదేనని చెప్పి హోటల్ సిబ్బందిని నమ్మించాడు. లాకర్ కోడ్ మర్చిపోయానన్నాడు. సిబ్బంది వచ్చి లాకర్ తెరిచి ఇచ్చారు. నగలు సంచిలో వేసుకుని దర్జాగా నడుచుకుంటూ వెళ్లిపోయాడు. కొన్ని రోజులకే పోలీసులు నిందితుణ్ని పట్టుకున్నారు. అతను గతంలోనూ పలు నగరాల్లోని పెద్ద హోటళ్లలో ఇదే తరహా చోరీలు చేసినవాడని తేల్చారు.

ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే.. లాకర్ చెడిపోలేదు. అది ఎలా పనిచేయాలో అలాగే పనిచేసింది. కోడ్ మర్చిపోయిన అతిథి కోసం పెట్టిన ఏర్పాటే దొంగకు ఉపయోగపడింది. "మీ ఐడీ కార్డు చూపిస్తారా సార్?" అని ఎవరైనా ఒక్క మాట అడిగి ఉంటే ఆ చోరీ జరిగేదే కాదేమో!

రూమ్ లాకర్ అసలు ఎలా పనిచేస్తుంది?

హోటల్ అల్మారాలో కనిపించే చిన్న ఇనుప పెట్టె బ్యాటరీతో నడుస్తుంది. అతిథి నాలుగు నుంచి ఆరు అంకెల కోడ్ పెట్టుకుంటాడు. గది ఖాళీ చేసేటప్పుడు తెరిచి వదిలేస్తాడు. తర్వాత వచ్చినవాళ్లు తమ సొంత కోడ్ పెట్టుకుంటారు. ఇంతవరకు అందరికీ తెలిసిందే.

అయితే రోజూ ఎవరో ఒకరు కోడ్ మర్చిపోతారు. ఎవరో లాకర్ మూసేసి ఊరెళ్లిపోతారు. మధ్యలో బ్యాటరీ అయిపోతుంది. ఇలాంటి అవసరాల కోసం ప్రతి లాకర్‌కూ హోటల్ దగ్గర మరో దారి ఉంటుంది. కొన్నింటికి మాస్టర్ కోడ్. కొన్నింటికి చేతిలో పట్టుకునే చిన్న యంత్రం. కొన్నింటికి ముందు వైపు చిన్న మూత కింద దాగిన మామూలు తాళం.

పద్ధతిగా నడిచే హోటల్‌లో ఆ మాస్టర్ కోడ్ ఒకరిద్దరు అధికారులకే తెలుసు. లాకర్ తెరవాల్సి వస్తే ఇద్దరు సిబ్బంది కలిసి వస్తారు. అతిథి గుర్తింపు కార్డు చూస్తారు. రిజిస్టర్‌లో సంతకం పెట్టిస్తారు. నిర్లక్ష్యంగా నడిచే చోట మాత్రం కంపెనీ నుంచి వచ్చిన కోడే ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. అన్నీ సున్నాలో, అన్నీ తొమ్మిదులో! అలాంటప్పుడు పని మానేసి వెళ్లిపోయిన వాళ్లకు కూడా ఆ కోడ్ గుర్తుండిపోతుంది.

ఇంకో విషయం.. బిగింపు. లాకర్‌ను వెనక నుంచో కింద నుంచో గోడకు, చెక్కకు బోల్టులతో బిగించాలి. అలా బిగించకుండా అల్మారాలో ఊరికే పెట్టిన పెట్టె అయితే దొంగకు కోడ్‌తో పనేముంది? పెట్టెతో సహా సూట్‌కేసులో పెట్టుకుని పోవచ్చు.

ఇక చాలామందికి తెలియని మేలైన సంగతి ఒకటుంది. చాలా ఎలక్ట్రానిక్ లాకర్లు తమను ఎప్పుడు తెరిచారు, అతిథి కోడ్‌తోనా, మాస్టర్‌తోనా అన్న చిట్టా లోపల దాచుకుంటాయి. చోరీ జరిగితే ఈ చిట్టానే అసలు సాక్ష్యం. నగలు పోగొట్టుకున్న వాళ్లకే కాదు, అమాయక సిబ్బందికి కూడా అదే రక్ష.

ముందు అనుమానం ఎవరి మీద?

హోటల్‌లో ఏది పోయినా వేలు మొదట గది ఊడ్చే మనిషి వైపే వెళ్తుంది. ఈ బాధ ఛత్రినాక లాంటి బస్తీలకు కొత్త కాదు. ఇక్కడి నుంచి సెలవులకు రిసార్టుకు వెళ్లే కుటుంబాలున్నాయి. అలాంటి హోటళ్లు, ఫంక్షన్ హాళ్లలో హౌస్ కీపింగ్, క్యాటరింగ్ పనులు చేసి ఇల్లు నడుపుకునే కుటుంబాలూ ఉన్నాయి. అంటే రూమ్ లాకర్ గొడవలో రెండు వైపులా మన మనుషులే ఉండొచ్చు.

జైపూర్ కేసులో దొంగ బయటివాడు. తెరిచి ఇచ్చింది మాత్రం సిబ్బంది. అది దొంగబుద్ధి కాదు, పద్ధతి లేకపోవడం. "కస్టమర్‌ను కాదనొద్దు" అని నేర్పి, "ఐడీ లేకుండా తెరవొద్దు" అని నేర్పకపోతే తప్పు ఎవరిది? రిజిస్టరు, లాకర్ చిట్టా, కారిడార్ సీసీటీవీ.. ఈ మూడూ సరిగ్గా ఉంటే అమాయకుణ్ని నిలదీయాల్సిన అవసరమే రాదు.

గది తలుపు గట్టిదేనా?

లాకర్ సంగతి అలా ఉంచితే, గది తలుపుకు ఉన్న కార్డు తాళమైనా గట్టిదేనా అన్న అనుమానం రావడం సహజం. దీనికి గత పదిహేనేళ్లలో మూడు పెద్ద ఉదాహరణలున్నాయి.

మొదటిది 2012. ఆనిటీ కంపెనీ తాళాలు ప్రపంచవ్యాప్తంగా లక్షల హోటల్ గదులకు ఉన్నాయి. కోడీ బ్రోషియస్ అనే పరిశోధకుడు చిన్న సొంత పరికరంతో వాటిని తెరవొచ్చని చూపించాడు. అదే ఏడాది అమెరికాలోని హ్యూస్టన్‌లో ఓ హోటల్ గదుల్లో చోరీలు జరిగాయి. అక్కడ తలుపులు పగలగొట్టిన ఆనవాళ్లే లేవు. ఈ లోపాన్ని వాడుకునే చోరీలు చేశారని తేలింది.

రెండోది 2018. ఎఫ్-సెక్యూర్ సంస్థకు చెందిన ఫిన్లాండ్ నిపుణులు విజన్ అనే మరో రకం తాళంలో లోపం బయటపెట్టారు. వాడి పారేసిన పాత కార్డు ఒక్కటి దొరికితే దాని ఆధారంగా హోటల్ మొత్తానికి మాస్టర్ కార్డు తయారు చేయవచ్చని చూపించారు. వాళ్లు ఈ వెతుకులాట మొదలుపెట్టడానికి కారణం కూడా చోరీయే. 2003లో బెర్లిన్‌లో ఒక సదస్సుకు వెళ్లినప్పుడు తమ సహచరుడి ల్యాప్‌టాప్ హోటల్ గది నుంచి పోయింది. తలుపు మీద ఏ గుర్తూ లేకపోవడంతో హోటల్ వాళ్లు ఫిర్యాదును పట్టించుకోలేదు.

మూడోది 2024 మార్చి. సాఫ్‌లాక్ రకం తాళాల్లో లోపం ఉందని పరిశోధకులు ప్రకటించారు. 131 దేశాల్లో 13 వేల హోటళ్లు, భవనాల్లోని 30 లక్షలకు పైగా తలుపుల మీద దీని ప్రభావం ఉందని వెల్లడించారు. ఈ మూడు సందర్భాల్లోనూ కంపెనీలు మరమ్మతులు తీసుకొచ్చాయి. అయితే ఒక్కో తలుపు దగ్గరికీ వెళ్లి మార్చాలి కాబట్టి పని నెమ్మదిగా సాగుతుంది.

దీన్ని చూసి భయపడి టూర్లు మానుకోనక్కర్లేదు. ఇలాంటి సాంకేతిక చోరీలు అరుదు. జైపూర్ తరహా మాటల మోసమే దొంగకు సులువు. కాకపోతే "తలుపుకు కార్డు తాళం ఉంది, లోపల లాకర్ ఉంది, ఇంకేం భయం" అన్న ధీమా మాత్రం పనికిరాదు.

రిసార్ట్ పెళ్లిళ్లు.. అసలు ముప్పు అక్కడే!

ఒకప్పుడు పాతబస్తీలో పెళ్లంటే ఇంటి దగ్గర్లోని ఫంక్షన్ హాల్. నగలు ఒంటి మీద ఉంటాయి. వేడుక అవగానే ఇంటి బీరువాలోకి చేరతాయి. ఇప్పుడు తీరు మారింది. రెండు మూడు రోజుల రిసార్ట్ పెళ్లి. సంగీత్ ఒక చోట, హల్దీ ఇంకో చోట, విందు మరో చోట. పెళ్లివారి గదులకు తాళం చెవులు నలుగురైదుగురి చేతుల్లో తిరుగుతుంటాయి. మేకప్ వాళ్లు, ఫొటోగ్రాఫర్లు, డెకరేషన్ వాళ్లు, దూరపు చుట్టాలు. ఎవరు ఎవరి తరఫువారో ఎవరికీ తెలియదు. వరుడి వైపు వాళ్లని వీళ్లు అనుకుంటారు, వధువు వైపు వాళ్లని వాళ్లు అనుకుంటారు!

దొంగలకు కావాల్సింది సరిగ్గా ఇదే. 2020 డిసెంబర్‌లో ఢిల్లీ పోలీసులు పెళ్లిళ్లలో చోరీలు చేసే ఓ ముఠాను పట్టుకున్నారు. ఈ ముఠా మంచి బట్టలు వేసిన పిల్లల్ని అతిథుల్లా పంపి, నగలు, నగదు ఉన్న సంచులు ఎత్తుకెళ్లేది. పిల్లల్ని వాళ్ల ఇళ్ల నుంచే డబ్బిచ్చి తెచ్చుకుని, శిక్షణ ఇచ్చేవారని పోలీసులు చెప్పారు. ఈ తరహా ముఠాలకు "బ్యాండ్ బాజా బారాత్ గ్యాంగ్" అన్న పేరు స్థిరపడిపోయింది.

ఇక ఊరి శివారు ఫామ్‌హౌస్‌ల సంగతి వేరే. చాలాచోట్ల రిసెప్షన్ ఉండదు, లాకర్ ఉండదు. ఒక వాచ్‌మన్, ఒక గేటు. ముందు వచ్చినవాళ్లు తాళం చెవికి నకలు చేయించుకున్నారో లేదో తెలియదు. ఇలాంటి చోటికి ఆ పూట వేసుకునే నగలు తప్ప మరేదీ తీసుకెళ్లకపోవడమే మంచిది.

పోతే హోటల్ ఇస్తుందా? చట్టం ఏం చెబుతోంది?

చాలా హోటల్ గదుల్లో తలుపు వెనక ఒక కాగితం అంటించి ఉంటుంది. "మీ విలువైన వస్తువులకు యాజమాన్యం బాధ్యత వహించదు" అని. చదివినవాళ్లు చాలామంది ఇక చేసేదేం లేదనుకుంటారు. నిజానికి విషయం అక్కడితో అయిపోదు.

2019 నవంబర్ 14న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దీనికి ఆధారం. అది కారు కేసు. 1998 ఆగస్టులో ఓ వ్యక్తి ఢిల్లీలోని తాజ్‌మహల్ హోటల్‌కు వెళ్లి తన మారుతి జెన్ కారు, తాళం చెవి వాలెట్ పార్కింగ్ సిబ్బందికి ఇచ్చారు. రెండు గంటల తర్వాత వచ్చేసరికి కారు లేదు. వేరే కారులో వచ్చిన ముగ్గురు యువకుల్లో ఒకడు డెస్క్ మీదున్న ఈ కారు తాళం చెవి తీసుకుని కారుతో ఉడాయించాడు. పార్కింగ్ చీటీ మీద "యజమాని బాధ్యత మీదే" అని రాసి ఉందని హోటల్ వాదించింది.

జస్టిస్ మోహన్ ఎం.శాంతనగౌడర్, జస్టిస్ అజయ్ రస్తోగీల ధర్మాసనం ఆ వాదన ఒప్పుకోలేదు. ఒక వస్తువును భద్రంగా ఉంచమని అప్పగించినప్పుడు దాన్ని జాగ్రత్తగా చూసుకోవడం తీసుకున్నవాడి బాధ్యత అని, తన నిర్లక్ష్యాన్ని చీటీ మీది రాతతో కప్పిపుచ్చుకోలేడని చెప్పింది. వస్తువు పోతే తాము జాగ్రత్తగానే ఉన్నామని నిరూపించుకోవాల్సింది హోటలే అని తేల్చింది. దీనికి మూలం 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని 148, 151, 152 సెక్షన్లు.

ఇక్కడే ఒక కీలకమైన మెలిక ఉంది. కారు విషయంలో తాళం చెవి చేతికిచ్చారు, చీటీ తీసుకున్నారు. అప్పగింత స్పష్టం. రూమ్ లాకర్ విషయంలో అలా కాదు. అందులో ఏం పెట్టారో హోటల్‌కు తెలియదు. కోడ్ పెట్టింది మీరు. "వీళ్లు మాకేమీ అప్పగించలేదు, అసలు అందులో నగలున్నాయో లేదో మాకేం తెలుసు" అని హోటల్ వాదించే వీలుంటుంది. అప్పుడు హోటల్ సేవలో లోపం ఉందని అతిథే చూపించాల్సి వస్తుంది. మాస్టర్ కోడ్ ఎవరికి పడితే వారికి తెలుసని, సీసీటీవీ పనిచేయలేదని, ఐడీ చూడకుండా తెరిచారని నిరూపించాలి.

అదే నగలను రిసెప్షన్‌లో ఇచ్చి, వివరాలు రాయించి, రసీదు తీసుకుంటే? అప్పుడు అప్పగింతకు సాక్ష్యం చేతిలో ఉన్నట్టే. గదిలోని ఇనుప పెట్టె కంటే చేతిలోని రసీదు కాగితమే కమిషన్ ముందు బలంగా నిలబడుతుంది.

బయటి దేశాల్లోనూ ఇదే తేడా కనిపిస్తుంది. బ్రిటన్‌లో 1956 నాటి హోటల్ యజమానుల చట్టం ప్రకారం నోటీసు సరిగ్గా పెట్టిన హోటల్ బాధ్యత ఒక్కో వస్తువుకు 50 పౌండ్లు, మొత్తం 100 పౌండ్లకే పరిమితం. కానీ భద్రపరచమని ప్రత్యేకంగా హోటల్‌కు అప్పగించిన వస్తువుకు, హోటల్ తప్పు వల్ల పోయిన వస్తువుకు ఆ పరిమితి వర్తించదు. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో హోటల్ సేఫ్ సదుపాయం ఉందని నోటీసు పెట్టినా అతిథి అందులో ఇవ్వకపోతే నగలు, నగదుకు హోటల్ బాధ్యత ఉండదు. పిల్లల దగ్గరికి అమెరికా, లండన్ వెళ్లే పెద్దవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే మంచిది.

పోయిందని తెలిసిన మొదటి గంట

నగలు కనిపించకపోతే చాలామంది చేసే మొదటి పని గదంతా తిరగేయడం, పెట్టెలన్నీ గుమ్మరించడం. దాంతో వేలిముద్రలు, ఆనవాళ్లు పోతాయి. అలా కాకుండా ఇలా చేయాలి.

👉 లాకర్‌ను ఇక ముట్టుకోవద్దు. ఉన్నది ఉన్నట్టు ఫోన్‌లో వీడియో తీయాలి. లాకర్ తెరిచి ఉందా, మూసి ఉందా అన్నది కనిపించాలి.

👉 డ్యూటీ మేనేజర్‌ను పిలిచి, లాకర్ చిట్టా, తలుపు తాళం చిట్టా, కారిడార్ సీసీటీవీ ఫుటేజీ భద్రపరచాలని రాతపూర్వకంగా అడగాలి. మెయిల్ అయినా, వాట్సాప్ అయినా సరే. సీసీటీవీ రికార్డు కొన్ని రోజులకే చెరిగిపోతుంది. నోటిమాటకు తర్వాత రుజువుండదు.

👉 112కు ఫోన్ చేసి పోలీసులను పిలవాలి. "మేం చూసుకుంటాం, పోలీసులెందుకు" అని హోటల్ వాళ్లు అన్నా ఆగొద్దు.

👉 ఎఫ్ఐఆర్ కాపీ తీసుకోవాలి. ఫిర్యాదుదారుకు అది ఉచితంగా ఇవ్వాలి. బీమా కంపెనీకైనా, కమిషన్‌కైనా మొదట అడిగే కాగితం అదే.

ఇంటికొచ్చి సంచి తెరిచాకే పోయిందని తెలిస్తే ఏం చేయాలి? అప్పుడు మళ్లీ గోవాకో, ఊటీకో పరుగెత్తాల్సిన పనిలేదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటున్నారు. ఛత్రినాక పోలీస్ స్టేషన్‌లో ఇచ్చినా కేసు నమోదు చేసి సంబంధిత స్టేషన్‌కు పంపాలి. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పంపితే మూడు రోజుల్లోగా స్టేషన్‌కు వెళ్లి సంతకం చేయాలి. మనుషులు ఉండే భవనంలో చోరీకి భారతీయ న్యాయ సంహిత 305వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు శిక్ష పడొచ్చు.

హోటల్ నిర్లక్ష్యం మీద పరిహారం కావాలంటే దారి వేరు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు నివాసం ఉండే చోటి జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. అంటే హోటల్ ఏ రాష్ట్రంలో ఉన్నా ఛత్రినాకవాసి హైదరాబాద్‌లోనే పోరాడొచ్చు. గడువు రెండేళ్లు. హోటల్‌కు చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. ముందుగా 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి సలహా అడగొచ్చు.

మీ నగ మీదేనని ఎలా చెబుతారు?

పాతబస్తీలో ఎవరూ మర్చిపోని చోరీ 2018 సెప్టెంబర్ నాటిది. పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో దొంగలు వెంటిలేటర్ గుండా తాడుతో దిగి, రత్నాలు పొదిగిన బంగారు టిఫిన్ బాక్సు, కప్పు, సాసర్, చెంచా ఎత్తుకెళ్లారు. ముంబై వెళ్లి పెద్ద హోటల్‌లో దిగారు. కొనేవాడు దొరక్క వెనక్కి వచ్చారు. పది రోజులైనా గడవకముందే హైదరాబాద్ పోలీసులు ఇద్దరినీ పట్టుకుని వస్తువులన్నీ స్వాధీనం చేసుకున్నారు.

ఆ టిఫిన్ బాక్సు ఎందుకు దొరికింది? పోలీసుల కష్టం ఒక కారణం. అలాంటిది ప్రపంచంలో ఇంకొకటి లేకపోవడం మరో కారణం. చూడగానే అందరూ గుర్తుపడతారు కాబట్టి అమ్ముకోవడం కుదరలేదు. మన ఇంటి గొలుసు అలా కాదు. ఒక్కసారి కరిగిందంటే అది ఎవరిదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. కరగకుండా దొరికినా, ఒకే డిజైన్ గొలుసులు వందల్లో ఉంటాయి.

అందుకే కాగితాలు ముఖ్యం. 2023 ఏప్రిల్ 1 నుంచి దుకాణాల్లో అమ్మే హాల్‌మార్క్ నగలపై ఆరు అక్షరాలు, అంకెలతో కూడిన హెచ్‌యూఐడీ తప్పనిసరి. ఒక్కో నగకు ఒక్కో నంబర్. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబర్ కొడితే వివరాలు వస్తాయి. ఆ నంబర్లు రాసి పెట్టుకుంటే ఫిర్యాదులో "ఒక బంగారు గొలుసు" అని కాకుండా ఫలానా నంబర్ గొలుసు అని రాయొచ్చు. అమ్మమ్మల కాలం నాటి నగలకు ఈ నంబర్ ఉండదు. వాటిని ముందు, వెనక ఫొటోలు తీసి, బరువు రాయించి, బిల్లుంటే దాని ఫొటో కూడా మెయిల్‌లో దాచుకోవాలి.

మరి ఇంట్లో పెట్టి వెళ్లాలా?

తాళం వేసిన ఇల్లు కూడా దొంగలకు ఆహ్వానమే. ఊరెళ్లేటప్పుడు దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో చెప్పి వెళ్లాలని, టూర్ ఫొటోలు తిరిగొచ్చాకే పెట్టాలని పోలీసులు ప్రతి సెలవుల సీజన్‌లోనూ చెబుతుంటారు. గేటు ముందు పేపర్లు, పాల ప్యాకెట్లు పేరుకుపోకుండా పక్కింటివాళ్లకు చెప్పడం మరవొద్దు.

బంగారానికి ఇంటికంటే, హోటల్ కంటే మంచి చోటు బ్యాంకు లాకర్. 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం బ్యాంకులో దొంగతనం, అగ్నిప్రమాదం, ఉద్యోగుల మోసం వంటి కారణాలతో లాకర్‌లోని వస్తువులు పోతే, ఏడాది అద్దెకు 100 రెట్ల వరకు బ్యాంకు బాధ్యత వహించాలి. ఏడాది అద్దె రూ.3 వేలు అయితే రూ.3 లక్షలు. నగల విలువతో పోలిస్తే ఇది చాలకపోవచ్చు. కానీ బాధ్యత ఎంతో రాసి ఉంది. పైగా బ్యాంకు లాకర్ తెరిస్తే ఖాతాదారు ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. హోటల్ రూమ్ లాకర్‌ను ఎవరు తెరిచినా మీకు ఏ మెసేజూ రాదు!

బీమా విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఇంటి బీమా పాలసీలు చాలావరకు ఇంట్లో ఉన్న నగల గురించే మాట్లాడతాయి. ట్రావెల్ బీమాల్లో నగలు, నగదుకు మినహాయింపులు, పరిమితులు ఉండటం మామూలే. బయటకు తీసుకెళ్లిన నగలకు కూడా వర్తిస్తుందా అని ఏజెంట్‌ను అడిగి, పాలసీలో ఆ లైన్ చూపించమనాలి.

టూర్‌కు వెళ్లే ముందు ఇవి గుర్తుంచుకోండి

✅ వేసుకోని నగలు తీసుకెళ్లొద్దు. పెళ్లయితే ఏ రోజుకు ఏది కావాలో రాసుకుని అంతవరకే తీసుకెళ్లాలి.

✅ గదిలోకి వెళ్లగానే లాకర్‌ను కదిపి చూడాలి. కదిలితే అందులో ఏమీ పెట్టొద్దు.

✅ ఏమీ పెట్టకుండా సొంత కోడ్‌తో మూసి, అన్నీ సున్నాలు, అన్నీ తొమ్మిదులు నొక్కి చూడాలి. తెరుచుకుంటే మేనేజర్‌కు చెప్పి గది మార్పించుకోవాలి.

✅ పుట్టిన సంవత్సరం, గది నంబర్, ఫోన్ చివరి అంకెలు కోడ్‌గా పెట్టొద్దు.

✅ "నేను లేకుండా, నా ఐడీ చూడకుండా లాకర్ తెరవొద్దు" అని రిసెప్షన్‌లో చెప్పి రాయించాలి. డూప్లికేట్ కార్డు విషయంలోనూ ఇదే మాట.

✅ విలువ ఎక్కువైతే రిసెప్షన్ సేఫ్‌లో ఇచ్చి రసీదు అడగాలి. రసీదు ఇవ్వమంటే నగలు ఇవ్వొద్దు.

✅ గది నంబర్ రిసెప్షన్‌లో, లిఫ్టులో గట్టిగా చెప్పొద్దు. కార్డును, నంబర్ రాసిన కవరును కలిపి పెట్టొద్దు.

✅ గదిలో ఉన్నప్పుడు లోపలి గొళ్లెం వేసుకోవాలి. సిబ్బందిమని ఎవరైనా తలుపు కొడితే రిసెప్షన్‌కు ఫోన్ చేసి నిర్ధారించుకున్నాకే తీయాలి.

✅ పాస్‌పోర్టు, టికెట్లు, ఫోన్ ఐఎంఈఐ నంబర్ ఫొటోలు తీసి ఇంట్లో ఒకరికి పంపాలి. ఫోన్ పోతే సంచార్ సాథీ పోర్టల్‌లో బ్లాక్ చేయొచ్చు.

✅ పెళ్లిలో నగల సంచికి ఒక్కరే బాధ్యులు. ఆ మనిషికి ఫొటోలు, వడ్డనలు, వేరే ఏ పనీ చెప్పొద్దు.

రూమ్ లాకర్ పూర్తిగా పనికిరానిదని కాదు. పాస్‌పోర్టు, కొద్దిపాటి నగదు, అదనపు ఫోన్ లాంటివి బల్ల మీద వదిలేయడం కంటే అందులో పెట్టడమే నయం. ఎవరో ఆశపడి చేయి పెట్టకుండా అది ఆపుతుంది. కానీ ముందే ప్లాన్ వేసుకుని, మాటలతో బోల్తా కొట్టించే దొంగను ఆపేది లాకర్ కాదు, ఐడీ అడిగే రిసెప్షన్ ఉద్యోగి. ఈసారి గది బుక్ చేసుకునేటప్పుడు స్విమ్మింగ్ పూల్ ఉందా, బ్రేక్‌ఫాస్ట్ ఉచితమా అని అడిగే వాళ్లు ఇంకో ప్రశ్న కూడా అడగాలి. "మేం కోడ్ మర్చిపోతే లాకర్ ఎవరు తెరుస్తారు, ఏం చూసి తెరుస్తారు?" దీనికి తడుముకోకుండా జవాబు చెప్పే హోటల్‌ను నమ్మొచ్చు. నీళ్లు నమిలితే మాత్రం నగలు బ్యాంకు లాకర్‌లోనే ఉంచి వెళ్లడం మేలు.